పురుగు పట్టని బియ్యం

మూడో సీసాలో పురుగులు చావలేదు. మొదటి రెండు సీసాల్లోవి పూట తిరక్కుండానే కాళ్ళు ముడుచుకుని వెల్లకిలా పడ్డాయి. మూడో సీసాలో ముక్కుపురుగులు మాత్రం బియ్యం గింజల మీద తాపీగా తిరుగుతున్నాయి. ఆ బియ్యానికి పట్టించిన నూనె పనికిరాదనుకుని శశిరేఖ సీసాను కిటికీ గట్టు మీదికి నెట్టింది. తర్వాత పారబోయడం మరిచిపోయింది.

తాడేపల్లిగూడెం శివార్లలో జగపతిరాజుగారి బియ్యం మిల్లుల వెనక ఉండేది ఆ పరిశోధనశాల. గోదాముల్లో బస్తాల మధ్య విషపు బిళ్ళలు పెట్టి టార్పాలిన్లు కప్పే పద్ధతి మానిపించి, మొక్కల నూనెలతో పురుగును ఆపాలని ఆయన కోరిక. అందుకోసమే శశిరేఖను తెచ్చుకున్నారు. కాలవ పక్క చిత్తడి మడుల్లో వస పెంచి, వసకొమ్ములు నూరి, వాముతో కలిపి బట్టీ పెట్టేది ఆమె. ఆవిరి చల్లబడి దిగే నూనెను మూడు సీసాల్లోకి విడదీసేది. ముందు దిగేది ఘాటు. మధ్యలో దిగేది చేదు. చివర్న దిగేది కమ్మగా, పసిపిల్ల తల వాసనలా ఉండేది.

కొన్నాళ్ళకు కిటికీ తుడుస్తుంటే ఆ సీసా మళ్ళీ ఆమె కంటబడింది. పురుగులన్నీ చచ్చి ఉన్నాయి. కానీ ఒక్క గింజకూ చిల్లు లేదు. సీసా అడుగున చిటికెడు పిండి కూడా రాలలేదు. శశిరేఖ సీసాను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కొత్త పురుగులను ఆ నూనె తగిలిన బియ్యంలో వదిలి, రెండో రోజున తీసి, ఏ నూనే తగలని మంచి బియ్యంలో వేసింది. అవి అక్కడా తినలేదు. బియ్యం మీదే నిలబడి, బియ్యమంటే ఏమిటో తెలియనట్టు ఎండిపోయి చచ్చాయి. కోసి చూస్తే కడుపులు ఖాళీ.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భర్త మాధవ్‌తో ఆ మాటే చెప్పింది. వాటికి విషం ఎక్కలేదని, వాటి ఆకలి పోయిందని, ఒకసారి పోయాక మళ్ళీ రావడం లేదని. మాధవ్ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. అంతా విని, "పాపం" అన్నాడు. వాళ్ళ ఆరేళ్ళ కూతురు పావని తండ్రి కంచంలోంచి పప్పన్నం ముద్దలు ఎత్తుకుపోతూ, ఎవరు పాపమని అడిగింది. పురుగులని చెబితే నవ్వింది.

నూనె పూసిన పలచటి పొర లోపల అతికించిన సంచులు తయారయ్యాయి. అందులో పోసిన బియ్యం ఏళ్ళ తరబడి చెక్కు చెదరదు. రాజుగారు దానికి "అక్షయం" అని పేరు పెట్టారు. అమ్మకానికి పెట్టేముందు ఎలుకలకు ఆ బియ్యం పెట్టి చూశారు. పెద్ద ఎలుకలు ఎప్పట్లాగే తిన్నాయి, బరువు తగ్గలేదు. పిల్ల ఎలుకలకు కూడా పెట్టి చూడాలన్న ఆలోచన శశిరేఖకు రాకపోలేదు. అప్పటికి కొత్త పంట కళ్ళాల్లోకి వచ్చేస్తోంది. సంచులు ఈ పంటకే అందాలని రాజుగారి పట్టుదల. పైగా వస కొత్త మందేమీ కాదు, ఊళ్ళో ప్రతి తల్లీ పసిబిడ్డకు అరగదీసి నాలుక మీద రాసేదే. అనుమతులిచ్చే అధికారులకు రాజుగారు చెప్పిన మాటా అదే. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. శశిరేఖకూ చెప్పాలనిపించలేదు. పిల్ల ఎలుకల సంగతి తర్వాత చూడొచ్చనుకుంది.

అక్షయం సంచులు హాస్టళ్ళకు వెళ్ళాయి. అంగన్‌వాడీలకు వెళ్ళాయి. ఆడవాళ్ళకు చేటలో పోసి చెరిగే పని తప్పింది. మొదటి సంచుల్లో ఒకటి శశిరేఖ తన ఇంటికే తెచ్చుకుంది. తను చేసినది ముందు తన పిల్ల తినాలనుకుంది. అన్నం ఉడుకుతుంటే ఇల్లంతా ఒక కమ్మటి వాసన అలముకునేది.

పావని తిండిపోతు. బడి నుంచి వస్తూనే సంచీ గుమ్మంలో పడేసి వంటింట్లోకి పరిగెత్తేది. గిన్నెల మూతలన్నీ తీసి చూసేది. ఆవకాయ అన్నంలో నెయ్యి చాలలేదని అలిగేది. పక్కింటివాళ్ళు పెట్టినా కాదనకుండా తిని వచ్చి, మళ్ళీ ఇంట్లో కూర్చునేది.

ఆ పిల్ల అలగడం ఎప్పుడు మానేసిందో ఇంట్లో ఎవరూ గమనించలేదు. పెద్దదవుతోంది, బుద్ధి వస్తోందని మాధవ్ మురిసిపోయాడు. బళ్ళో టీచరు పిలిచి, టిఫిను డబ్బా మూత తీయకుండానే వెనక్కి వస్తోందని చెప్పాక అనుమానం మొదలైంది. నులిపురుగుల మందు వేశారు. బలానికి టానిక్కులు పట్టారు. పిల్ల హుషారుగానే ఉండేది, ఆడుకునేది, పాఠాలు అప్పజెప్పేది. తినమంటే మారాం చేయకుండా వచ్చి కూర్చునేది. కంచం ముందు కూర్చుని అన్నం వైపు చూస్తూ ఉండేది, అంతే. చెంపలు లోపలికి పోయాయి. గౌను భుజాల మీంచి జారడం మొదలైంది.

ఒక ఆదివారం శశిరేఖ స్వయంగా ముద్ద కలిపి నోట్లో పెట్టింది. తర్వాత బట్టలు ఆరేసి, పూలమొక్కలకు నీళ్ళు పోసి వచ్చింది. పావని అదే పీట మీద అలాగే కూర్చుని ఉంది. నోరు తెరవమంటే తెరిచింది. ముద్ద చెక్కు చెదరకుండా నాలుక మీదే ఉంది.

"ఇది మింగాలా అమ్మా?" అని అడిగింది పావని.

శశిరేఖ లేచి బియ్యం డబ్బా మూత తీసింది. కమ్మటి వాసన మొహానికి కొట్టింది. ఆ వాసన తనకు తెలిసినంతగా ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. డబ్బా ఎత్తి పెరట్లో బోర్లించి, చేతులు కూడా కడుక్కోకుండా లాబ్‌కి వెళ్ళింది. అప్పుడే పాలు మానిన ఎలుక పిల్లలకు అక్షయం బియ్యం పెట్టడం ఆ రోజు మొదలుపెట్టింది. వారం రెండు వారాలు తిన్నాయి. ఆ తర్వాత గిన్నె చుట్టూ ఆడుకుంటూ, గిన్నెలో పడుకుంటూ, ఆ గిన్నె పక్కనే చచ్చిపోయాయి. పెద్ద ఎలుకలకు తిండి అలవాటు. ఆకలి పోయినా అలవాటు కొద్దీ తింటాయి. పిల్లలకు ఇంకా అలవాటంటూ లేదు, వాటికి ఉన్నది ఆకలి ఒక్కటే. తను కూడా ఎన్ని నెలలుగా ఆకలి వేయకుండానే వేళకు తింటోందో ఆమెకు అప్పుడు తట్టింది.

ఆ రోజుల్లోనే మరియమ్మ ఆమెను వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. ఎర్రకాలవ గట్టు కాలనీలో అంగన్‌వాడీ నడిపేది మరియమ్మే. సంచులు మొదటిసారి పంచిన రోజున శశిరేఖను చూసిన గుర్తుతో వచ్చింది. చంకలో నాలుగేళ్ళ మనవరాలు సలోమి ఉంది. ఆ పిల్ల తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. తండ్రి లేడు.

"మొదట్లో నేనే సంబరపడ్డానండి," అంది మరియమ్మ. "పిల్లలు అన్నానికి ఏడవట్లేదు, గుడ్డు దగ్గర కొట్టుకోవట్లేదు, కేంద్రం ఎంత నిమ్మళంగా ఉందో అనుకున్నాను. ఇప్పుడు తూకం వేస్తంటే భయమేస్తందండి. బియ్యంలో ఏవన్నా ఉందేమో మీరైతే చెప్తారని వచ్చాను."

మాట్లాడుతుండగానే మాధవ్ లోపల్నుంచి బిస్కెట్లు తెచ్చి పిల్లలిద్దరి చేతుల్లో పెట్టాడు. పావని, సలోమి ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ బిస్కెట్లు పట్టుకుని ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎవరూ నోటి దాకా తీసుకెళ్ళలేదు. సలోమి పిడికిట్లో బిస్కెట్టు మెల్లగా పొడి అయి నేల మీద రాలింది. మరియమ్మ ఆ పొడినీ, పావని మెడకింద ఎముకలనూ చూసింది. ఈ పాపకి కూడానా అని అడిగింది.

జ్వరం వచ్చి తగ్గిందని చెప్పింది శశిరేఖ. బియ్యం సంగతి పరీక్ష చేసి కబురు పెడతానని పంపేసింది.

మర్నాడు జగపతిరాజుగారి ముందు కూర్చుని అంతా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. పావని ఎలా ఉందని అడిగారు. విశాఖపట్నంలో పెద్ద ఆస్పత్రికి తన కారులోనే పంపుతానని, ఎన్నాళ్ళున్నా ఆ భారం తనదేనని అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావని శశిరేఖకు తెలుసు. పావని పుట్టిన రోజున బంగారు మురుగులు తెచ్చి తొడిగిన మనిషి ఆయన.

తర్వాత సంచులు వెనక్కి తెప్పించాలన్న మాట వచ్చింది.

"పోయిన ఆకలి మళ్ళీ రాదని మీరే అంటున్నారు కదమ్మా," అన్నారు రాజుగారు. "ఆపితే వచ్చేదైతే ఈ నిమిషమే లారీలు పంపిస్తాను. రానిదానికి ఆపి ఏం చేస్తాం? మిల్లు మూసేస్తారు, మీ లాబ్ మూసేస్తారు. అప్పుడు మందు కనిపెట్టేదెవరు? మీ పాపని చూసేదెవరు?"

అక్కడ ఆమె కాదనలేకపోయింది. ఆకలి తిరిగి రాదన్నది తన కళ్ళతో తను చూసిన నిజం. మంచి బియ్యంలో వేసినా పురుగులు తినలేదు. ఆ లెక్కన అప్పటికే తిన్న పిల్లలకు జరగాల్సింది జరిగిపోయింది. ఇక మిగిలిన ఆశ మందు ఒక్కటే, అది ఈ లాబ్‌లోనే పుట్టాలి. ఇలా ఆలోచిస్తూ పోతే ఆమెకు ఊపిరి ఆడింది. కొత్త కేంద్రాలకు ఇక పంపబోనని రాజుగారు మాట ఇచ్చారు. ఆ మాట ఆయన నిలబెట్టుకోలేదు. నిలబెట్టుకున్నారా అని ఆమె అడగనూ లేదు.

పిల్లల బరువులు తగ్గుతున్నాయని ఫిర్యాదులు వెళ్ళి, జిల్లా నుంచి విచారణకు ముగ్గురు అధికారులు వచ్చారు. మిల్లు అతిథిగృహంలో కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళు ఇచ్చారు. కాలనీ తరపున మరియమ్మను పిలిపించారు. ఆమె గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. హాస్టళ్ళలో తిండి చాలడం లేదన్న గోల ఈ ఏడాది ఒక్కటి కూడా రాలేదని, ఇలాంటి ఏడాది తన ఉద్యోగంలో చూడలేదని ఒక అధికారి అన్నాడు. అది మెచ్చుకోలే. శశిరేఖ లేచి, అక్షయం బియ్యం పిల్లలకు ఏ హానీ చేయదని, కాలవ గట్టు ఇళ్ళల్లో తాగే నీళ్ళు మంచివి కావని, కడుపులో నులిపురుగుల వల్లే ఆకలి మందగించిందని చెప్పింది. చెప్పినదాని కింద సంతకం పెట్టింది.

బయటికి వస్తుంటే మరియమ్మ దణ్ణం పెట్టింది. నీళ్ళేనా అండీ కారణం, ఇంకేదో అని భయపడ్డానండి అంది. ఇవాళ్టి నుంచే కాచి పోస్తానంది. ఆమె మొహంలో బెంగ తీరిన తేట కనబడింది. శశిరేఖ తలూపి కారెక్కింది.

విశాఖపట్నం ఆస్పత్రిలో పావనికి ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టడం మొదలుపెట్టారు. మాధవ్ సెలవు పెట్టి పిల్ల దగ్గరే ఉండిపోయాడు. శశిరేఖ లాబ్‌లోనే మకాం పెట్టింది. ఎలుక పిల్లలకు ఆకలి పోగొట్టి, గొట్టంతో పాలు పట్టి బతికిస్తూ, ఒక్కొక్కదానికి ఒక్కొక్క మందు ఇచ్చి చూసేది. శొంఠి, మిరియం, ఇంగువ సత్తులు, ఆస్పత్రి మందులు, అన్నీ అయ్యాయి. ఏ పిల్లా గిన్నె వైపు చూడలేదు. అదే గదిలో ఇంకో మూల బట్టీ మండుతూ ఉండేది. మిల్లుకు కావలసిన మూడో నూనె చుక్కలు చుక్కలుగా దిగుతూనే ఉండేది.

ఆదివారం వస్తే బట్టీ కట్టేసి, ఉన్న చీరతోనే రైలెక్కేది. పావని ఆమె రాక కోసం ఎదురుచూసేది. రాగానే చీర కొంగు మొహం మీదికి లాక్కుని, అమ్మ వాసన అనేది. ఆ పూటంతా తల్లి పొట్టలో తల దూర్చి పడుకునేది. శశిరేఖ పిల్లను గట్టిగా పొదువుకునేది. పక్కమంచం ఉన్నా ఎప్పుడూ వాడలేదు. ఒకసారి వెళ్ళేసరికి పావని అరటిపండు వలిచి చేతిలో పట్టుకుని ఉందని, నోటి దగ్గరికి కూడా తీసుకెళ్ళిందని మాధవ్ చెప్పాడు. ఆ రాత్రి గడిచాక మళ్ళీ మామూలే. ఆశ పెట్టుకోవద్దని డాక్టరు అన్నాడు.

ఆ ఏడు వానలకు ఎర్రకాలవ గట్టు తెగింది. పట్టాల మీదికి నీళ్ళొచ్చి రైళ్ళు ఆగిపోయాయి. రోడ్లు మునిగాయి, ఫోన్లు పోయాయి. శశిరేఖ మిల్లు మేడ మీద ఉన్న లాబ్‌లోనే చిక్కుబడిపోయింది. కిందంతా నీళ్ళు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఆమె ఎలుక పిల్లలకు గొట్టంతో పాలు పడుతూ, బట్టీ చూసుకుంటూ, కూతుర్ని తలుచుకుని ఏడుస్తూ గడిపింది.

నీళ్ళు తీశాక ఒక ఉదయం ఫోను మోగింది. మాధవ్ వెంటనే ఫోను పిల్లకిచ్చాడు.

"అమ్మా, నాన్న ఒక్క ఇడ్లీయే పెట్టాడు," అంది పావని. "ఇంకోటి అడిగితే పెట్టట్లేదు. నువ్వు చెప్పు."

శశిరేఖ ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకుంది. పిల్ల అవతల నుంచి చెప్పు, చెప్పు అంటోంది. తర్వాత మాధవ్ ఫోను తీసుకున్నాడు. నర్సు తెచ్చుకున్న ఉప్మా డబ్బా లాక్కుని తిన్నదని, ఒక్కసారిగా ఎక్కువ పెట్టొద్దని డాక్టరు చెప్పాడని, గొట్టం తీసేశారని చెప్పాడు. ఏ మందు ఇచ్చారని శశిరేఖ అడిగింది. కొత్త మందేదీ ఇవ్వలేదన్నాడు. పాలు మార్చారా, గది మార్చారా అని అడిగింది.

"ఏమీ మారలేదు శశీ," అన్నాడు మాధవ్. "అంతా ఎప్పట్లాగే ఉంది. నువ్వు రాలేదు, అంతే."

అతను ఏ ఉద్దేశమూ లేకుండా అన్న మాట అది. ఫోను పెట్టేశాక కూడా శశిరేఖ చాలాసేపు సంతోషంతోనే ఉంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొంగులోంచి కమ్మటి వాసన వచ్చింది.

ఆమె కొంగు కిందికి దించి గది చూసింది. బట్టీ నుంచి నూనె దిగుతోంది. దాని ఆవిరి గదంతా ఉంది, గోడల మీద ఉంది, తన జుట్టులో ఉంది, చర్మంలో ఉంది. ఎలుక పిల్లల బోను ఆ ఆవిరిలోనే ఉంది. మొదటి నుంచీ ఉంది. గొట్టంతో పాలు తాగి, నూనె వాసన పీల్చుకుంటూ, పోయిన ఆకలి ఎప్పటికీ రాదని అవి తనకు అబద్ధం చెబుతూ వచ్చాయి. పురుగులైతే ఆకలి తిరిగి వచ్చేదాకా బతకలేదు, అంతే. బియ్యం మానేసి, ఆ వాసనకు దూరంగా ఉంటే చాలు. ఆకలి దానంతటదే వస్తుంది. ఏ మందూ అక్కర్లేదు. అక్కర్లేని మందు కోసం తను సంతకం పెట్టింది. ప్రతి ఆదివారం రైలెక్కి వెళ్ళి, కూతురికి అప్పుడప్పుడే తిరిగొస్తున్న ఆకలిని తన చీరతో నొక్కి చంపి వచ్చింది.

ఆమె బట్టీ ఆర్పేసి కిందికి దిగింది.

కాలనీ మొత్తం హైస్కూలు మేడ మీద పునరావాస శిబిరంలో ఉందని తెలిసింది. రోడ్డు లేదు. ఇసుక ట్రాక్టరొకటి అటు వెళ్తుంటే ఎక్కింది. హైస్కూలు మెట్ల మీద మోకాలి లోతు ఒండ్రు. పైన వరండాలో అక్షయం సంచులు నిట్టనిలువుగా పేర్చి ఉన్నాయి. వరదల్లో కూడా ఒక్క గింజకు పురుగు పట్టలేదని, బూజు పట్టలేదని ఎవరో చెప్పుకుంటున్నారు. తరగతి గదిలో పాతిక మంది పిల్లలు గోడ వారన కూర్చుని ఉన్నారు. గోల లేదు. మరియమ్మ గుమ్మంలో నేల కడుగుతోంది.

శశిరేఖ ఆయాసపడుతూనే చెప్పింది. ఈ బియ్యం వండొద్దంది. మానేస్తే పిల్లలకు మళ్ళీ ఆకలి పుడుతుందంది. చీపురు ఆపి మరియమ్మ విన్నది.

"ఎవరికన్నా పుట్టిందాండి?"

"మా పావనికి పుట్టింది. ఇడ్లీలు అడుగుతోంది."

"తింటందా? దేవుడి దయండి," అంది మరియమ్మ. చీపురు గోడకు ఆనించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "మా సలోమి పోయిందండి. నీళ్ళొచ్చిన మూడో నాడు."

మరియమ్మ నింపాదిగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. కాలనీ మునిగినప్పుడు ముసలాళ్ళను మంచాల మీద మోసుకొచ్చారు. గేదెలను తోలుకొచ్చారు. దొరికిన నాలుగు పుల్లలూ నీళ్ళు కాచడానికే సరిపోయాయి, వంటకు పుల్ల లేదు. పొట్లాలు వస్తే ఎవరికి అందినవి వాళ్ళు పట్టుకున్నారు. తను అందరికీ పంచుతూ తిరిగింది. పక్క శిబిరాల్లో పిల్లలు పాలకు, అన్నానికి ఏడ్చి చంపేశారట. ఇక్కడ పిల్లలు ఎంత బుద్ధిగా ఉన్నారో అని చూడటానికి వచ్చిన ఆఫీసరు మెచ్చుకుని వెళ్ళాడు.

"అడిగినోళ్ళకి పెట్టానండి," అంది మరియమ్మ. "ఇది అడగలేదు. రెండు రోజులు నా పక్కనే కూర్చుంది. నా కొంగు పట్టుకునే ఉంది. అడగలేదు. నాకు గుర్తు రాలేదండి."

వరండాలో ఎవరో బకెట్టుతో నీళ్ళు గుమ్మరించారు. మరియమ్మ అటు చూసి, మళ్ళీ ఇటు చూసింది.

"మీరు నీళ్ళన్నారు కదండి. నేను కాచే పోశాను. వరదలో కూడా కాచే పోశాను."

అప్పుడు శశిరేఖ అంతా చెప్పింది. సంతకం పెట్టే రోజుకే తనకు తెలుసని చెప్పింది. జ్వరమని చెప్పింది అబద్ధమని చెప్పింది. తన ఒంట్లో, చీరలో ఉన్న నూనె వాసన ఏం చేసిందో చెప్పింది. ఆమె కొడుతుందని, తిడుతుందని, కనీసం ఏడుస్తుందని ఎదురుచూసింది. అలా చేస్తే బాగుండుననుకుంది. మరియమ్మ మాటల మధ్యలో ఒకటి రెండుసార్లు తలూపింది, అర్థమైందన్నట్టు.

"ఆ రోజున చెప్పుంటే మానేసేవోళ్ళం కదండీ," అంది చివరికి. "గంజో నూకలో తాగేవోళ్ళం. మాకేం, అలవాటే."

ఇంతలో గదిలోంచి రెండేళ్ళ పిల్లవాడొకడు తప్పటడుగులు వేస్తూ వచ్చి శశిరేఖ చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. మొహం చీరలో పెట్టి ఆడుకోబోయాడు. మరియమ్మ వంగి వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, వాడిని ఎత్తుకుని వెనక్కి నడిచింది.

"మీరు కాస్త అవతలికెళ్ళి నిలబడండి," అంది. "పిల్లలున్నారు."

శశిరేఖ వరండాలోకి వెళ్ళింది. అక్కడ నుంచి కూడా కదలమన్నట్టు మరియమ్మ చూస్తుంటే, మెట్లు దిగి ఒండ్రులో నిలబడింది. సంచులు దించడానికి ఇద్దరు ఆడవాళ్ళు ముందుకొచ్చారు. మరియమ్మ వాళ్ళను ఆపింది. వాటిని ఎవరూ ముట్టుకోవద్దని, ఆవిడే మోస్తారని చెప్పింది.

శశిరేఖ మోసింది. పైకెక్కి సంచి భుజాన వేసుకుని, ఒండ్రులో జారుతూ దిగి, స్కూలు వెనక గట్టు తెగి పడిన గోతిలో పడేసి, మళ్ళీ పైకెక్కింది. ఆమె పైకి వచ్చిన ప్రతిసారీ గది తలుపు మూసుకునేది. దిగాక తెరుచుకునేది. ఎవరూ సాయం రాలేదు. మధ్యాహ్నానికి పక్క ఊళ్ళోంచి ఎవరో మూట నూకలు తెచ్చారు. పొయ్యి వెలిగింది. ఆడవాళ్ళు తలా ఒక పిల్లను ఒళ్ళో పెట్టుకుని, గిన్నెల్లో గంజి ఊదుతూ, మింగు, మింగు అని చెప్పి పడుతున్నారు. కొందరు మింగుతున్నారు. కొందరి నోటి పక్కల నుంచి కారిపోతోంది.

శశిరేఖ చేతిసంచిలో ఫోను మోగింది. ఎప్పుడొస్తావని పావని అడిగింది. ఇడ్లీల సంగతి ఆ పిల్ల అప్పుడే మరిచిపోయింది. దాని గొంతులో వెనకటి అలక ఉంది. ఇప్పట్లో రానని చెప్పింది శశిరేఖ. ఎందుకని పిల్ల అడిగింది. పని ఉందని చెప్పి, ఆమె ఫోను కట్టేసి, తర్వాతి సంచి కోసం మెట్లెక్కింది. పైన తలుపు మూసుకుంది.